అలిగిన డబ్బా

ఆదివారం పొద్దున తిరుత్తణిలో హేమనాథ్ ఇడ్లీ తుంచి చట్నీలో ముంచే లోపల అత్తగారి ఫోను వచ్చింది.

"అల్లుడుగారూ, మళ్ళా ఆగిపోయింది" అనింది వనజాక్షి. ఆ గొంతులోని దిగులు తెలీనోళ్ళు వినింటే, ఆ ఇంట్లో ఎవురికో గుండె ఆగిపోయిందనుకొని పూలదండ కొనుక్కొని బయల్దేరిండేవాళ్ళు.

ఆగిపోయింది డబ్బా. తిరువళ్ళూరులో మామగారింటి హాల్లో ఉండే హోమ్ థియేటర్ రిసీవరు. టీవీలో వచ్చే శబ్దాన్నంతా తాను తీసుకొని, ముందరా వెనకా ఉండే స్పీకర్లకు పంచే నల్లటి పెట్టె. మామ సుదర్శనం పాల సొసైటీలో సూపర్‌వైజరు. మనిషి చొక్కా చిరిగితే కుట్టించుకొని తొడుక్కుంటాడుగానీ, ఆ డబ్బా విషయంలో మాత్రం మహారాజు. గోడల్లో పైపులేసి, వైర్లు బయటికి కనపడకుండా లోపల్లోపలే పోనిచ్చి, సినిమా హాలు మాదిరిగా చేయించుకున్నాడు. అట్లాంటి డబ్బా, కూతురు నిత్య పెళ్ళయినప్పటినుంచీ నడి మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. 'టక్'మంటాది. ముందరి అద్దంలో 'ప్రొటెక్ట్' అనే ఇంగ్లీషు మాట ఎర్రగా మినుకుమినుకుమంటాది. అంతే. టీవీలో బొమ్మ ఆడతానే ఉంటాది, నోరు మాత్రం పడిపోతాది.

"ఈ పొద్దు క్రికెట్ ఫైనలు గదా. మీ మామ ఆఫీసులో తణికాచలాన్ని మ్యాచికి రమ్మని పిలిచేసినారు. ఈ డబ్బా గురించి ఆయనకు చెప్పని రోజు లేదు. మీరొచ్చి ఒకసారి చెయ్యి పెడితే..."

చెయ్యి పెట్టడంలోనే ఉండాది చిక్కంతా. హేమనాథ్ టీవీలు బిగించే ఫ్యాక్టరీలో పనిచేసే మాట నిజం. అయితే అతని కుర్చీ ఉండేది హెచ్.ఆర్. సెక్షన్లో. ఎవురు లీవు పెట్టినారు, ఎవురు లేటుగా వచ్చినారు, క్యాంటీన్లో సాంబారు బాగలేదని ఎవురు గొడవ చేసినారు, ఇదీ అతని ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో మధ్యవర్తి తిరుమలయ్య "అబ్బాయి ఎలక్ట్రానిక్స్‌లో ఉండాడు" అన్నాడు. అది అబద్ధం కాదు. ఆ వెంటనే సుదర్శనం కండ్లు మెరిపిస్తా "మా డబ్బా వంద వాట్సు బాబూ, చాలునా?" అని అడిగినాడు. హేమనాథ్ తలను నిలువుగా ఊపినాడు. ఆ ఒక్క ఊపుతో ఇంజినీరైపోయినాడు.

నిత్యకు మాత్రం తెలుసు. పెళ్ళయిన కొత్తలో మిక్సీ ప్లగ్గు మార్చాల్సొస్తే మార్చింది ఆమే. హేమనాథ్ టార్చి పట్టుకున్నాడు, అదీ తలకిందులుగా.

"ఈసారైనా నిజం చెప్పెయ్యి" అనింది నిత్య ఫోను పెట్టేసినాక, నవ్వు ఆపుకోలేక.

"మీ నాయన మొగం చూస్తా చెప్పేదానికి నాకు నోరు రాదు. కావాలంటే నువ్వు చెప్పు."

"నేనెందుకు చెప్తాను? నాకు చూసేదానికి బాగుంటాది గదా!"

కొండకు పోయొచ్చి గుండ్లకు చందనం పూసుకున్న జనంతో లోకల్ రైలు నిండుగా ఉండింది. హేమనాథ్ కిటికీ పక్కన ఇరుక్కొని, తిరువళ్ళూరు వచ్చేదాకా ఫోనులో రిపేరు వీడియోలు చూసినాడు. వేడెక్కితే ఆగిపోతుంది. వైరు పోగు పక్కదానికి తగిలితే ఆగిపోతుంది. పరీక్షకు పోయే పిల్లోని మాదిరిగా పెదాలు కదిలిస్తా వల్లెవేసుకున్నాడు. ఎదురుగా కూర్చున్న ముసలాయన, ఏదో సుబ్రహ్మణ్య స్తోత్రమనుకొని దండం పెట్టినాడు. నిత్య కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంటి గేటు తీస్తానే బావమరిది ముకేశ్ వీధంతా వినపడేట్టు అరిచినాడు. "నాయనా, ఇంజినీరు బావొచ్చినాడు!"

హాల్లో అందరూ వరసగా నిలబడి ఉండారు. సుదర్శనం, వనజాక్షి, సుదర్శనం తల్లి చెంగమ్మవ్వ. హేమనాథ్ కాళ్ళు కడుక్కొని, చేతులు తుడుచుకొని, డాక్టరు బిడ్డ నుదుటి మీద పెట్టినట్టు డబ్బా మీద అరచెయ్యి పెట్టినాడు.

"ఒళ్ళు కాలిపోతా ఉంది" అన్నాడు గంభీరంగా.

కాలక ఏం చేస్తాది? అద్దాల బీరువాలో పెట్టి తలుపేసినారు. పైన అల్లిన గుడ్డ, గుడ్డ మీద ఇత్తడి నెమలి. హేమనాథ్ నెమలిని దించినాడు, గుడ్డ తీసినాడు, తలుపు బార్లా తెరిచి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టినాడు. వెనకాల వైర్లన్నీ వదులు చేసి, పోగులు మెలేసి, మళ్ళా బిగించినాడు. బటను నొక్కినాడు. బట్టల సబ్బు ప్రకటనకు గోడలు దద్దరిల్లినాయి.

అందరూ ఊపిరి బిగబట్టి నిలబడినారు. సబ్బు పోయింది, టూత్‌పేస్టు పోయింది, వార్తలు కూడా సగం పోయినాయి. డబ్బా ఆగలేదు.

"చెయ్యి పడితే చాలు!" అని సుదర్శనం అల్లుణ్ణి కావిలించుకున్నాడు. "వనజా, పాయసం చెయ్. నేను స్నానం చేసొస్తా."

వనజాక్షి వంటింట్లోకి పోయింది. చెంగమ్మవ్వ జపం చేసుకుంటానని తన రూములోకి పోయింది. ముకేశ్ ఎక్సర్‌సైజని మిద్దెక్కినాడు. హేమనాథ్ సోఫాలో కాలుమీద కాలు వేసుకొని, భార్య వైపు ఓరగా చూసి, మీసం దువ్వబోయినాడు.

టక్.

"ఆగిపోయిందా?" వంటింట్లోంచి వనజాక్షి.

"అల్లుడూ, పాయనా?" బాత్రూములోంచి సుదర్శనం.

"బావా, ఏమైంది?" మిద్దె మీదినుంచి ముకేశ్.

అందరూ పరుగెత్తుకొచ్చినారు. హేమనాథ్ మళ్ళా బటను నొక్కితే డబ్బా సుబ్బరంగా పాడింది. ఎంతసేపు నిలబడితే అంతసేపు పాడింది. వాళ్ళు యాడోళ్ళు ఆడికి పోయిన కాసేపటికి, టక్. మళ్ళా పిలుపులు, మళ్ళా పరుగులు. మామకు ఒంటిమీద తుండు తప్ప ఏం లేదు, తలంతా షాంపూ నురగ.

"ప్రొటెక్ట్, ప్రొటెక్ట్ అంటాది" అన్నాడు సుదర్శనం కండ్లలో నురగ తుడుచుకుంటా. "దేన్ని ప్రొటెక్ట్ చేస్తా ఉందో మాత్రం చెప్పి చావదు."

"నాకు తెలిసిపోయింది" అనింది చెంగమ్మవ్వ. "దానికి జనం కావాల. ఎదురుగా మనుషులుంటే పలుకుతాది, ఒంటరిగా వదిలేస్తే అలుగుతాది. నిత్య మెట్టినింటికి పోయిందని బెంగ పెట్టుకుంది, అంతే."

"అవ్వా, అది మిషను" అన్నాడు ముకేశ్.

"మిషనైతే మాత్రం? ఇన్నేండ్లు ఒకే ఇంట్లో ఉండలే?"

హేమనాథ్ నవ్వబోయి మానుకున్నాడు. ఎందుకంటే వీడియోల్లో చెప్పిన కారణాలన్నింటికంటే అవ్వ చెప్పిందే ఇంతవరకు జరిగినదానికి సరిపోతా ఉంది. చేసేదేం లేక, "ఇంకొంచెం చల్లబరచాల. డబ్బా కింద ఎత్తుపెట్టేదానికి దిండు కావాల" అన్నాడు. దిండుకు, డబ్బాకు ఏం సంబంధమో అతనికే తెలీదు. నిత్య తన పాత రూములో ఉంటాయని అటు నడిచింది. హేమనాథ్ ఆమె వెంట పోయినాడు, కాసేపు ఆ కండ్లన్నింటినుంచి తప్పించుకుందామని.

పెళ్ళయినాక ఆ రూమును పరుపులు, బొంతలు దాచేదానికి వాడుకుంటా ఉండారు. మంచం మీద అవన్నీ కొండ మాదిరిగా పేర్చి ఉండాయి. నిత్య పైనున్న రెండు బొంతలు తీసి కింద పడేసింది. మూడోది తీస్తానే ఆ గుట్టలోంచి ఒక మగగొంతు, "రాగల ఇరవై నాలుగు గంటల్లో అక్కడక్కడా చిరుజల్లులు" అనింది.

హేమనాథ్ ఎగిరి గోడకు ఆనుకున్నాడు. "ఎవురది?"

నిత్య మొగం మందారప్పూవైంది. గబగబా మిగతావి లాగేసింది. మంచం తలాపున గోడకు, కొబ్బరిచిప్పంత చిన్న స్పీకరు.

"అరవొద్దు, అరవొద్దు!" అని అతని నోరు మూసింది. "పరీక్షలప్పుడు నాయన టీవీ చూడనిచ్చేది కాదు. అందుకని ఎలక్ట్రీషియన్ ఎలుమలై అన్నను బతిమాలి పెట్టించుకున్నా. హాల్లో ఏం పెడితే అది ఇక్కడ వినపడతాది. పుస్తకం ముందరేసుకొని సీరియళ్ళన్నీ వినేదాన్ని. పెళ్ళి హడావిడిలో స్విచ్చి ఆపేది మరిచిపోయినట్టుండాను."

"అయితే నీ పెళ్ళప్పటినుంచీ ఇది బొంతల కింద అట్లే మాట్లాడతా ఉందా?"

ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. అంతే, ఆ బొంతల మీద పడి, శబ్దం బయటికి పోకుండా దిండ్లలో మొగం పెట్టి నవ్వినారు. నవ్వీ నవ్వీ హేమనాథ్‌కు ఎక్కిళ్ళొచ్చినాయి. ఇదే జబ్బు, దొరికిపోయింది అనుకున్నాడు. స్విచ్చి ఆపేసినాడు. ఎవురికీ చెప్పనని నిత్యకు మాటిచ్చి, దిండు చంకలో పెట్టుకొని, గెలిచినోడి మాదిరిగా హాల్లోకి వచ్చినాడు. డబ్బాను దిండు మీద కూర్చోబెట్టి, "ఇంక భయం లేదు. అందరూ మీ మీ పనులు చూసుకోండి" అన్నాడు.

అందరూ పోయినారు.

టక్.

ఈసారి హేమనాథ్‌కు చెమట పట్టింది. తణికాచలం వచ్చే వేళవుతా ఉంది. మళ్ళా వీడియో చూడాలంటే ఒంటరి చోటు కావాల. సుదర్శనం స్నానం ముగించుకొని బయటికి రావడమే ఆలస్యం, తాను బాత్రూములో దూరి గడియ పెట్టినాడు. బక్కెట్టు బోర్లించి, దానిమీద కూర్చొని ఫోను తీసినాడు. బయట ముకేశ్ డబ్బా ఆన్ చేసినట్టు శబ్దం వినపడింది. లోపల ఉక్కగా ఉండింది. గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను స్విచ్చి పక్కన ఇంకో స్విచ్చి కనపడితే, అదేదో చూద్దామని నొక్కినాడు.

"టాస్ ఇంకొద్దిసేపట్లో!" అని నెత్తిమీద ఎవురో గావుకేక పెట్టినారు.

హేమనాథ్ బక్కెట్టు మీదనుంచి జారి, మగ్గును తన్ని, కొళాయి పట్టుకొని నిలదొక్కుకున్నాడు. తలెత్తి చూస్తే కప్పుకు స్పీకరు. ఇంతసేపూ అది గాలి పోయే కన్నమనుకున్నాడు. చూస్తా నిలబడగానే, టక్. నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో అతని బుర్ర తిరగడం మొదలుపెట్టింది. డబ్బా ఆగిపోతానే వంటింట్లో ఉండే అత్తకు ఎట్లా తెలిసింది? మిద్దె మీద ఉండే ముకేశ్‌కు ఎట్లా వినపడింది? జపం చేసుకునే అవ్వ అందరికంటే ముందు ఎట్లా బయటికొచ్చింది? ఫ్యాక్టరీలో అందరూ ఒకే రోజు లీవు పెడితే దాని వెనకాల ఏదో ఉందని పసిగట్టడం అతనికి అలవాటే. నవ్వు పొంగుకొస్తా ఉంటే అదుముకొని బయటికొచ్చినాడు.

"మామా, మన ఎలుమలైకి ఒక ఫోను చేద్దాం."

ఆ మాటకు హాల్లో ఉండే నలుగురి మొగాలూ ఒకేసారి వాడిపోయినాయి.

"ఎందుకు? వాడికేం తెలుసు!" అన్నాడు సుదర్శనం.

"పాపం, ఆదివారం పూట వాణ్ణెందుకు..." అనింది వనజాక్షి.

"వాడు ఊర్లో లేడు బావా" అన్నాడు ముకేశ్.

హేమనాథ్ అప్పటికే నిత్యనడిగి నంబరు నొక్కి స్పీకర్లో పెట్టేసినాడు. అవతల మేళం, జనం గోల. ఎలుమలై వెంగల్‌లో ఎవురిదో పెళ్ళికి మైకు సెట్టు పెడతా ఉండాడు. ఆ గోలలో తనకే వినపడదని గొంతు చించుకొని అరిచినాడు.

"సొల్లుంగ సార్! చెప్పండి!"

"ఎలుమలై, సుదర్శనం గారి అల్లుణ్ణి. ఇక్కడ డబ్బా ఊరికే ఆగిపోతా ఉంది. ఇంట్లో ఇంకా యాడయినా స్పీకర్లు పెట్టినావా?"

"అయ్యో సామీ! నేను ఎవురి గుట్టూ చెప్పను సార్! మాటిచ్చినా! అవ్వగారి దేవుని పటాల వెనకాల పెట్టింది ఈ రోజు దాకా ఎవురికీ చెప్పలే! అమ్మగారి వంటింటి మచ్చు మీద ఉండేది అయ్యగారికి తెలీదు, అయ్యగారి బాత్రూములోది అమ్మగారికి తెలీదు! ముకేశ్ తంబి నీళ్ళ ట్యాంకు కింద పెట్టించుకున్నాడు, అదీ చెప్పలే! నిత్య పాపది అయితే చచ్చినా చెప్పను!"

హాల్లో అందరూ తలా ఒక దిక్కు చూసినారు.

"చాలా మంచోడివి ఎలుమలై" అన్నాడు హేమనాథ్ కష్టపడి. "మరి డబ్బా ఎందుకు ఆగిపోతా ఉంది?"

"ఒక్కరు వేసుకుంటే తాంగుతాది సార్. ఇద్దరు ముగ్గురు ఒకేసారి వేస్తే దానికి తాంగదు. అంత బరువు మొయ్యలేక, కాలిపోకుండా తనంతట తానే పడుకుండిపోతాది. నేను ప్రతి ఒక్కరికీ చెప్పినా, మీరొక్కరే వేసుకోండి అని!"

ఫోను పెట్టేసినాక మొదట పలికింది వనజాక్షి. "బాత్రూములో స్పీకరా?" అనింది మొగుడి వైపు తిరిగి. "అందుకేనా స్నానానికి పోతే గంటలు గంటలు?"

"నువ్వు వంటింట్లో పెట్టుకోలే? సీరియలు చూడను, పని సరిపోతాదని గొప్పలు చెప్తావే!"

"చూడను! వింటాను!"

"అమ్మా" అని సుదర్శనం తల్లి వైపు తిరిగినాడు. "నువ్వు జపం గదా చేసేది?"

చెంగమ్మవ్వ ఏమాత్రం జంకలేదు. "జపం చేస్తానే వింటా. ఆ సీరియల్లో కోడలు అత్తకు విషం పెడతా ఉంటే, దేవుడికి గూడా తెలియొద్దా?"

మొదట నవ్వింది ముకేశ్. తర్వాత నిత్య. ఆ తర్వాత ఎవురు ఎవురి మీద పడి నవ్వినారో తెలీదు. సుదర్శనం గోడ పట్టుకొని జారి కింద కూర్చున్నాడు. వనజాక్షి పాయసం గరిటెతో నేలను కొడతా నవ్వింది. కాస్త తెరిపి ఇస్తే ఎవురో ఒకరు "నేను ఎవురి గుట్టూ చెప్పను సార్" అనేది, మళ్ళా మొదలు.

"ఏమన్నా గానీ" అన్నాడు సుదర్శనం కండ్లు తుడుచుకుంటా, "ఇంజినీరు ఇంజినీరే. లేకపోతే ఇది తేలేదా?"

అందరి గుట్లూ అట్లా నేలమీద పరుచుకొని ఉండగా తనదొక్కటి లోపల పెట్టుకొని ఉండేది హేమనాథ్‌కు వల్లగాలేదు. నవ్వు ఊపులో నోటినుంచి జారిపోయింది.

"మామా, నేను ఇంజినీరు కాను. హెచ్.ఆర్."

"అంటే ఏంది?" అనింది అవ్వ.

"పనికి ఎవురొచ్చినారు, ఎవురు రాలేదు, రానోళ్ళు యాడికి పోయినారు, అది చూసుకునే పని."

అవ్వ చేతులు చరిచింది. "మరి ఈ పొద్దు చేసింది అదే గదరా!"

సుదర్శనం నోరు తెరుచుకొని చూసినాడు. "వాట్సు చాలునా అంటే తల ఊపినావే?"

"మీరు అంత ఆశగా అడిగినారు మామా. అడ్డంగా ఊపేదానికి మనసు రాలేదు."

మామ ఒక్క క్షణం అల్లుడి మొగం తేరిపార చూసినాడు. తర్వాత పక్కకు జరిగి, నేలమీద తన పక్కన చోటు చూపించినాడు. హేమనాథ్ కూర్చున్నాడు. సుదర్శనం అతని భుజం మీద చెయ్యేసి, మళ్ళా మొదటినుంచి నవ్వడం మొదలుపెట్టినాడు.

తణికాచలం వచ్చేసరికి ఇంటిల్లిపాదీ నేలమీద ఉండారు. ఆయన పండ్ల సంచి పట్టుకొని గుమ్మంలోనే నిలబడిపోయినాడు. సర్దుకొని లేచి, కుర్చీ వేసి, పాయసం ఇచ్చినారు. ఏ స్పీకరూ పీకేది లేదని అంతలోపలే తీర్మానమైపోయింది. ఎవురిది వాళ్ళకు ముద్దు. అయితే వేసుకునేవాళ్ళు గట్టిగా చెప్పి వేసుకోవాల, వింటానే ఇంకొకరు ఆపెయ్యాల.

మ్యాచి మొదలైంది. డబ్బా దిండు మీద రాజా మాదిరిగా కూర్చొని గర్జిస్తా ఉంది. తణికాచలం నోరెళ్ళబెట్టి వింటా ఉంటే సుదర్శనం మొగం వెలిగిపోతా ఉంది.

"నాది వేస్తా ఉండా!" అని వంటింట్లోంచి వనజాక్షి కేకేసింది.

"నాది ఆపేసినా!" అని రూములోంచి అవ్వ.

"ఏం వేస్తారు? ఏం ఆపుతారు?" అన్నాడు తణికాచలం అయోమయంగా. హేమనాథ్ ఆయన చెవిలో అంతా చెప్పినాడు. తణికాచలం తల ఊపి మళ్ళా మ్యాచి వైపు తిరిగినాడు. ఓవరు ముగిసి ప్రకటనలు వచ్చినప్పుడు మెల్లిగా దగ్గరికి జరిగి, "ఆ ఎలుమలై నంబరు ఉందా బాబూ? మా ఇంట్లో గూడా ఒకటి... మా ఆవిడకు తెలీకుండా" అన్నాడు.

ఇంక హేమనాథ్ వల్లగాలేదు. నంబరు చెప్పి, దగ్గొచ్చినట్టు నటిస్తా మిద్దెమీదికి పరుగెత్తినాడు. వెనకాలే నిత్య వచ్చింది. ట్యాంకు నీడలో ఇద్దరూ కూలబడి, కడుపు పట్టుకొని నవ్వినారు. అవతల రైలు కూత పెట్టుకుంటా పోతా ఉండింది. కింద ఇల్లంతా ఒక్కసారిగా హోరెత్తింది.

"సిక్సా? అవుటా?" అన్నాడు హేమనాథ్.

"ఉండు, విందాం" అని నిత్య ట్యాంకు కింద చెయ్యి పెట్టి, ముకేశ్ స్విచ్చి తడుముకొని నొక్కేసింది. చెప్పి నొక్కాలన్న మాట ఇద్దరికీ గుర్తు రాలేదు.

టక్.

కిందినుంచి ఐదు గొంతులు ఒకేసారి లేచినాయి. "ఎవుర్రా అది?"

నిత్య స్విచ్చి ఆపేసి, మొగుడి నోరు తన చేత్తో, తన నోరు మొగుడి చేత్తో మూసింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టినారు. కాసేపటికి కింద డబ్బా మళ్ళా పలికింది. మిద్దె మెట్ల మీద మాత్రం ఎవురివో అడుగుల చప్పుడు, గరిటె చప్పుడుతో కలిసి పైకి వస్తా ఉండింది.